మార్లిస్‌కి అక్కర్లేని కుర్చీ

స్టెన్‌వాల్లో ఎవరైనా ఏదైనా పెట్టబోతే రెండుసార్లు వద్దనాలి. మొదటిసారి వద్దనడం మర్యాద. రెండోసారి వద్దనడం కూడా మర్యాదే. మూడోసారి అడిగాక, "మీరింతగా అంటున్నారు కాబట్టి ఒక్క చిన్న ముక్క" అని పళ్లెం ముందుకు జరపాలి. మూడోసారి కూడా వద్దంటే నిజంగానే వద్దని అర్థం. అప్పుడు పెట్టేవాళ్ల మనసు నొచ్చుకుంటుంది, కానీ నొచ్చుకుందని పైకి చెప్పరు. మిన్నెసోటా ఉత్తరాన, ఆ గోధుమ పొలాల మధ్య పుట్టిన పిల్లలకి ఈ లెక్క ఎవరూ నేర్పరు. పాలతో పాటు వచ్చేస్తుంది.

మార్లిస్ ఎంగెన్‌కీ అలాగే వచ్చింది. అరవై దాటిన ఆ మనిషి జీవితంలో ఒక్కసారే ఆ లెక్క తప్పింది. అదీ ఖర్జూరం కేకు వల్ల.

ఆగస్టు నెలలో ఒక ఆదివారం, ప్రార్థన అయ్యాక అందరూ చర్చి కింది హాల్లో కాఫీకి చేరారు. నవంబరులో స్కూలు బోర్డు ఎన్నిక. ఊళ్లో ఉన్న ఒక్క బడినీ మూసేసి, పిల్లల్ని బస్సులో హార్లో పట్నం పంపాలా వద్దా అన్నది ఆ బోర్డే తేల్చాలి. ఏడుగురు సభ్యుల్లో ముగ్గురు మూసేద్దామంటున్నారు, ముగ్గురు కూడదంటున్నారు. మిగిలినవాడు వెండెల్ ఫోస్. అతనూ మూసేద్దామనేవాడే. గడువు తీరుతున్న సీటూ అతనిదే. అందుకని ఆ నిర్ణయాన్ని ఎన్నిక తర్వాతికి వాయిదా వేశారు.

"వెండెల్ మీద పోటీకి నిలబడే మనిషి కావాలి," అంది డొరీన్ బ్రెకీ, కాఫీ కెటిల్‌తో బల్లల మధ్య తిరుగుతూ. డొరీన్ బడి వంటింటికి పెద్ద. చర్చి వంటింటికీ పెద్దే. "వాడు శవాలు సాగనంపేవాడు. శవపెట్టెల మూతలు మూయడం వాడికి అలవాటే. అలవాటు కొద్దీ బడి మీద కూడా మూత పెట్టేస్తున్నాడు."

అందరూ నవ్వారు. నవ్వాక అందరి చూపులూ మార్లిస్ మీద పడ్డాయి. ఊళ్లో ఆమె అంటే గిట్టని మనిషి లేడు. ఎవరితోనూ ఒక మాట గట్టిగా అన్న పాపాన పోలేదు. అంతకు మించిన అర్హత ఇంకేం కావాలి?

"మార్లిస్, నువ్వే నిలబడాలే," అంది డొరీన్.

"అబ్బే, నేనెక్కడ, బోర్డెక్కడ?"

"నీకేం తక్కువే? కాలేజీ చదువు చదివావు."

"వద్దు డొరీన్. నాకు మీటింగుల్లో నిద్రొస్తుంది."

"అక్కడ అందరికీ అదే జబ్బు. మరి నిలబడతావా, లేదా?"

ఇది మూడోసారి. సరిగ్గా అప్పుడే మార్లిస్ నోట్లో ఖర్జూరం కేకు ఉంది. పాస్టరు గారి భార్య చేసిన కేకు. రుచికి వంక పెట్టలేం కానీ పళ్లకి బంకలా పట్టేస్తుంది. మార్లిస్ చెయ్యి పైకెత్తింది, ఆగమన్నట్టు. హాలంతా అది ఒప్పుకోలు అనుకుంది. ఆమె మింగేలోగా చప్పట్లు కూడా అయిపోయాయి.

ఇంటికొచ్చాక భర్త ఆర్విడ్ బూట్లు విప్పుకుంటూ అడిగాడు.

"మూడోసారి వద్దనలేకపోయావా?"

"నోట్లో కేకుంది."

"ఉమ్మేయాల్సింది."

"చర్చిలోనా?"

ఆర్విడ్ ఆలోచించాడు. "అదీ నిజమే," అన్నాడు. ఆ విషయం మీద అతని సాయం అంతటితో పూర్తయింది.

నిజానికి బోర్డు మీటింగులంటే మార్లిస్‌కి భయం లేదు. నలభై ఏళ్లుగా ఆర్విడ్ ట్రాక్టరు కబుర్లు వింటున్న మనిషి ఏ మీటింగులోనైనా కూర్చోగలదు. అసలు చిక్కు వేరే. బడి మూసేయడమే మంచిదని ఆమె మనసులో ఉంది. ఊళ్లో అలా అనుకునే ఆడమనిషి తనొక్కతే అని కూడా ఆమెకి తెలుసు.

కారణం మనవరాలు బ్రిటా. కొడుకు కర్ట్ కూతురు, నాలుగో తరగతి. ఆ తరగతిలో ఉన్నది ముగ్గురే పిల్లలు. మిగతా ఇద్దరూ లుండ్ వాళ్ల కవలలు. వాళ్లకి ఒకరికొకరు చాలు, మూడో మనిషి అవసరం లేదు. అందుకని బ్రిటా మధ్యాహ్నం భోజనం డొరీన్ వంటింట్లోనే, పిండి డబ్బాల పక్కన ఎత్తు స్టూలు మీద కూర్చుని తింటుంది. డొరీన్ ఆ పిల్లకి ఎప్పుడూ ఒక చెంచా ఎక్కువే వేస్తుంది. "ఎంత బుద్ధిమంతురాలే నీ మనవరాలు! ఉందో లేదో కూడా తెలీదు," అని మురిసిపోతుంది.

ఆ మాట మురిపెంగానే అంటుందని మార్లిస్‌కి తెలుసు. అయినా విన్న ప్రతిసారీ మాట మార్చేస్తుంది.

మొన్న వేసవిలో బ్రిటాని ఈతకని హార్లో తీసుకెళ్లింది. కొలను గట్టున బెంచీ మీద కూర్చుని అల్లిక చేసుకుంటోంది. నీళ్లలోంచి ఒక ఆడపిల్ల కేక వినిపించింది. కేకా, నవ్వూ, దబాయింపూ కలిసిన గోల. ఎవరి పిల్లో, కాస్త అదుపులో పెట్టుకోకూడదా అని విసుగ్గా తలెత్తి చూసింది. బ్రిటా! ముగ్గురు ఆడపిల్లల మధ్య నిలబడి, ఒకదాని నెత్తిన నీళ్లు కుమ్మరిస్తూ, గొంతు చించుకుంటోంది. తొమ్మిదేళ్లుగా చూస్తున్న మనవరాలి గొంతు తను గుర్తుపట్టలేకపోయింది. ఎందుకంటే అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

ఆ రోజే ఆమె మనసు తేల్చేసుకుంది. మనసులో తేల్చుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇప్పుడు ఆ మనసునే తీసుకెళ్లి, "మన బడి మన ఊళ్లోనే" అనే జెండా కింద నిలబెట్టారు. గెలిస్తే ఏడో చెయ్యి తనదే. ఆ చెయ్యి బడి ఉండాలని లేస్తే, బ్రిటా ఆరో తరగతి దాకా పిండి డబ్బాల పక్కనే.

పోటీ నుంచి తప్పుకోవడానికి ఇంకా గడువుంది. రెండు రోజులు అద్దం ముందు మాటలు కూర్చుకుని, డొరీన్‌తో నిజం చెప్పేద్దామని వాళ్లింటికి వెళ్లింది. డొరీన్ తలుపు తీసి చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్లింది.

"నువ్వే వచ్చావా! నేనే వద్దామనుకుంటున్నా. మా వాడు గరాజులో ప్రచారం బోర్డులు చేయించాడు చూడు. నీలం రంగు మీద తెల్ల అక్షరాలు. నీ పేరు ఎంత బాగుందో!"

"డొరీన్, నేనొక మాట..."

"నాకు తెలుసే, మొహమాటపడతావు. నీ పేరు అంత పెద్దగా రాయించినందుకు తిట్టుకో, పర్లేదు. వినవే, రాత్రి నేను ఆయనతో అన్నా. బడి పోతే నేను ఆ వంటింట్లోంచి తిన్నగా వెండెల్ దుకాణానికే వెళ్లి పెట్టెలో పడుకుంటానని. నువ్వు నిలబడ్డావని తెలిశాక కంటినిండా నిద్రపోయా."

చెప్పొద్దామని వెళ్లిన మార్లిస్ కారు డిక్కీ నిండా బోర్డులతో తిరిగొచ్చింది. పోటీ నుంచి తప్పుకునే గడువు ఆ వారమే దాటిపోయింది.

ఇక ఊరంతా ఆమె పేరే. గోధుమలు తూచే చోట, పెట్రోలు బంకు ముందు, చర్చి మలుపులో. సొంత ఇంటి ముందు కూడా ఒకటి, కర్ట్ వచ్చి పాతాడు. "అమ్మా, నువ్వు రాజకీయాల్లోకి వస్తావని కల్లో కూడా అనుకోలేదు," అన్నాడు. "నేనూ అనుకోలేదురా," అంది మార్లిస్. అక్టోబరు చివర ముందుగానే మంచు పడి ఆ బోర్డులన్నీ కప్పేసింది. కిటికీలోంచి చూస్తూ ఆ పూట ఆమె కాఫీ ఎంతో తృప్తిగా తాగింది. మర్నాడు లేచి చూసేసరికి ఎవరో పుణ్యాత్ములు ఊళ్లోని బోర్డులన్నిటి చుట్టూ పారతో మంచు తోడేసి ఉన్నారు. ఆమె బోర్డు చుట్టూ మరీ శుభ్రంగా.

ఎన్నికకి వారం ముందు బడి జిమ్‌లో అభ్యర్థుల సభ. వెండెల్ ముందు మాట్లాడాడు. నల్ల కోటు, మెత్తటి గొంతు. పిల్లలు తగ్గిపోయారు, ఒక్కో తరగతిలో నలుగురు కూడా లేరు, వాళ్లకి తోడు కావాలి అన్నాడు. మార్లిస్‌కి లేచి చప్పట్లు కొట్టాలనిపించింది. ఎవరూ కొట్టలేదు. వెనక నుంచి ఎవరో "పెట్టె కొలతలు తెచ్చావా వెండెల్?" అన్నారు. వెండెల్ నవ్వాడు, ఇలాంటివి చాలా విన్నవాడిలా.

మార్లిస్ వంతు వచ్చింది. ఇప్పుడైనా చెప్పేయాలి. బల్ల అంచు పట్టుకుంది.

"బడి అంటే గోడలు కాదు," అంది. "బడి అంటే పిల్లలు. ముందు వాళ్లకేది మంచిదో చూడాలి. మనకేది ఇష్టమో కాదు."

జిమ్ అదిరిపోయింది. ముందు వరసలో డొరీన్ కళ్లు తుడుచుకుంది. తను వెండెల్ చెప్పిందే చెప్పానని మార్లిస్ గ్రహించింది. జనం గ్రహించలేదు. ఆమె నోటి నుంచి ఏది వచ్చినా బడి ఉంచాలనే వినపడేలా వాళ్ల చెవులు అప్పటికే సర్దుకుని ఉన్నాయి. ఇంకో వాక్యం కలపాలని నోరు తెరిచింది. అప్పటికే ఎవరో చేతిలో కాఫీ కప్పు పెట్టేశారు.

ఓటు రోజున ఆమె ఒక్కతే తెర వెనక నిలబడింది. ఆ మూడు నెలల్లో ఆమెని ఎవరూ చూడని చోటు అదొక్కటే. వెండెల్ పేరు పక్కన గుర్తు పెట్టింది. బయటికొచ్చి ఏదో దొంగిలించినట్టు కారు దాకా గబగబా నడిచింది.

ఇద్దరికీ సమానంగా ఓట్లు వచ్చాయి.

చట్టం ప్రకారం ఇలాంటప్పుడు అదృష్టమే తేల్చాలి. వారం తర్వాత బడి ఆఫీసులో నాణెం ఎగరేయడానికి జిల్లా ఉద్యోగిని వచ్చింది. ఆమె వచ్చేదాకా అభ్యర్థులిద్దరూ నడవాలో పిల్లల కుర్చీల్లో, మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్నారు.

"మార్లిస్, మీకొక మాట చెప్పాలి," అన్నాడు వెండెల్, టోపీ తిప్పుకుంటూ. "నేను మీకే ఓటేశాను. మనకి మనం వేసుకుంటే బాగుండదు కదా."

మార్లిస్ అతని వైపు తిరిగింది. "నేను మీకే వేశాను వెండెల్."

"మర్యాద కోసమా?"

"కాదు. మీరు చెప్పింది నిజం కాబట్టి."

వెండెల్ టోపీ తిప్పడం ఆపేశాడు. నడవాలో అటూ ఇటూ చూశాడు.

"ఈ మాట ఇంకెవరితోనైనా అన్నారా?"

"లేదు."

"అయితే నాకన్నా మీకే కష్టం," అన్నాడు మెల్లగా. "నన్ను తిడుతున్నారు, అంతే. చర్చిలో నా భార్య పక్కన ఎవరూ కూర్చోవడం లేదు. ఎప్పుడు ఓడిపోతానా అని చూస్తున్నాను. మీరు గెలిస్తే మాత్రం వాళ్లంతా మీ పక్కనే కూర్చుంటారు. అదీ అసలు కష్టం."

జిల్లా ఉద్యోగిని నాణెం తీసింది. "బొమ్మా, బొరుసా? ఎవరు చెప్తారు?"

"ఆమెనే చెప్పనివ్వండి," అన్నాడు వెండెల్.

"అయ్యో, మీరు పాత సభ్యులు, మీరే చెప్పండి," అంది మార్లిస్.

"ఆడవాళ్లు ముందు."

"వయసులో మీరు పెద్ద."

"రెండు నెలలేగా."

"చూడండి," అంది ఆ ఉద్యోగిని, "ఇంకో ఊళ్లో కూడా నాకు పనుంది. మంచు పడేలా ఉంది."

వెండెల్ బొమ్మ అన్నాడు. బొరుసు పడింది. మార్లిస్ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఊపాడు. జైలు తలుపు తెరుచుకున్న మనిషి మొహం అతనిది. ఆ తలుపు వెంటనే ఎవరి వెనక మూసుకుందో ఆమెకి తెలుస్తూనే ఉంది. బయట డొరీన్, చర్చి ఆడవాళ్లూ కారు హారన్లు మోగిస్తున్నారు. ఆ సాయంత్రం మార్లిస్ ఇంటికి వరసగా ఏడు గిన్నెల కూరలు, నాలుగు కేకులు వచ్చాయి. స్టెన్‌వాల్లో ఇంత తిండి ఒక ఇంటికి చావుకే వస్తుంది. "ఎవరు పోయారు?" అని అడిగాడు ఆర్విడ్, ఫ్రిజ్‌లో చోటు వెతుకుతూ.

"నేనే," అంది మార్లిస్.

జనవరిలో కొత్త సభ్యురాలిగా ప్రమాణం చేసింది. అదే మీటింగులో బడి విషయం. జిమ్ కిక్కిరిసిపోయింది. చలికోట్ల వాసన, తడి బూట్ల వాసన. వెనక వరసలో కర్ట్, అతని పక్కన బ్రిటా కాళ్లు ఊపుకుంటూ కూర్చుని ఉంది. ముందు వరసలో డొరీన్, వంటింటి నుంచి సరాసరి వచ్చిందేమో ఆప్రాన్ విప్పనే లేదు.

అధ్యక్షుడు గోర్డన్ హౌగ్ ఒక్కొక్కరి పేరు పిలిచాడు. మూసేయాలి, ఉంచాలి, ఉంచాలి, మూసేయాలి, మూసేయాలి, ఉంచాలి. కొత్త సభ్యుల పేరు చివర పిలవడం అక్కడి పద్ధతి. అప్పటికే జనం కోట్లు తొడుక్కుంటున్నారు. ఏడో జవాబు వాళ్లకి ఆగస్టులోనే తెలుసు.

"మార్లిస్ ఎంగెన్."

ఆమె నోట్లో ఏమీ లేదు. చేతిలో కప్పు లేదు. దాక్కోవడానికి తెర లేదు.

"మూసేయాలి," అంది.

గోర్డన్ వినపడనట్టు చెవి ముందుకు వంచాడు. "ఉంచాలనా?"

"మూసేయాలన్నాను గోర్డన్."

కోట్లు తొడుక్కునే చప్పుడు ఆగిపోయింది. స్టెన్‌వాల్లో జనం కేకలు వెయ్యరు. కేకలు వేసి ఉంటే మార్లిస్‌కి కాస్త హాయిగా ఉండేది. రెండు వందల మంది ఊరికే చూశారు. లేచింది డొరీన్ ఒక్కతే.

"ఏమైందే నీకు?" అంది. గొంతు పెంచలేదు. పక్కింటి కంచె దగ్గర నిలబడి అడిగినట్టే అడిగింది. "నీ మనవరాలికి నా వంటింట్లో ఏం తక్కువ చేశానే?"

"ఏమీ తక్కువ చేయలేదు డొరీన్. తల్లిలా చూశావు. అందుకే ఇన్నాళ్లూ నీకు చెప్పలేకపోయాను. కానీ దానికి కావాల్సింది నువ్వూ, నేనూ కాదు. దాని ఈడు పిల్లలు. అది ఎంత బుద్ధిమంతురాలో అంటావు చూడు, అది బుద్ధి కాదే. మాట్లాడ్డానికి దానికి ఎవరూ లేరు."

"ఈ మాట ఆగస్టులో చెప్పాల్సింది."

"చెప్పాల్సింది."

"నా గరాజుకొచ్చినప్పుడు చెప్పాల్సింది."

"అవును. నీ మొహం చూసి చెప్పలేకపోయాను. ఇప్పుడూ నీ మొహం చూసే చెప్తున్నా."

మార్లిస్ గోర్డన్ వైపు తిరిగింది. "మీరంతా నన్ను వేరే పనికి ఎన్నుకున్నారు. ఆ పని నేను చేయలేదు. కాబట్టి ఈ కుర్చీలో కూర్చునే హక్కు నాకు లేదు. రాజీనామా చేస్తున్నాను."

ఇది చెప్పాక, ఆగస్టు నుంచీ మొదటిసారిగా ఆమెకి ఊపిరి ఆడింది. ఇంక లేచి, కోటు తొడుక్కుని, చలిలోకి నడిచి వెళ్లిపోవచ్చు. ఆ నడక కూడా కళ్ల ముందు కనిపించింది.

"రాజీనామా ఒప్పుకోవాలని ఎవరైనా ప్రతిపాదిస్తారా?" అని అడిగాడు గోర్డన్.

మూసేయాలన్న ముగ్గురూ బల్లకేసి చూశారు. ఈ సీటు ఖాళీ అయితే రేపు ఇంకెవరో వచ్చి మొత్తం తిరగదోడతారు. ఉంచాలన్న ముగ్గురూ డొరీన్‌కేసి చూశారు.

డొరీన్ ఇంకా నిలబడే ఉంది. ఆప్రాన్‌కి చేతులు తుడుచుకుంది, తడి లేకపోయినా.

"ఉండనివ్వండి," అంది. "ఎక్కడికెళ్తుంది? నాలుగేళ్లూ కూర్చోనివ్వండి. మే నెలలో పిల్లలకి ఆఖరి భోజనం వడ్డించి ఆ వంటింటికి తాళం వేస్తాను. ఆ తాళంచెవి బోర్డు వాళ్లలో ఎవరో ఒకరికి ఇవ్వాలిగా. ఆమె చేతికే ఇస్తాను."

కూర్చుని, పర్సు ఒళ్లో పెట్టుకుంది. బయటికి మాత్రం వెళ్లలేదు. మీటింగు పూర్తయ్యేదాకా అలా మార్లిస్‌ని చూస్తూ కూర్చునే ఉద్దేశం ఆమె వీపు నిటారుగా ఉంచిన తీరులో తెలుస్తూనే ఉంది. మిగతావాళ్లూ కోట్లు విప్పి మళ్లీ ఒళ్లో పెట్టుకున్నారు. వెనక వరసలో బ్రిటా తండ్రి చెవిలో ఏదో అడిగింది. కర్ట్ తల్లి మొహంకేసే చూస్తున్నాడు, ఈ మనిషి చేతి వంట తిని పెరిగింది తనేనా అన్నట్టు.

"ప్రతిపాదన లేదు," అన్నాడు గోర్డన్, గొంతు సవరించుకుని. "తర్వాతి విషయం. బడి ముందు మంచు తోసే బండికి కొత్త టైర్లు. ఎలాగూ మే దాకా మంచు తియ్యాలి కదా. ఒప్పుకునేవాళ్లు?"

ఆరు చేతులు లేచాయి. గోర్డన్ లెక్కపెట్టి, ఏడో చేతి కోసం ఆగాడు. జిమ్ అంతా ఆగింది.

మార్లిస్ కుర్చీ ముందుకు లాక్కుని, సరిగ్గా కూర్చుని, చెయ్యెత్తింది.